చిన్నాయన మగ్గానికి అద్దె బండి

షోలాపూర్ అనగానే మనవాళ్ళలో చాలామందికి దుప్పటి గుర్తొస్తుంది. ఆ దుప్పట్లు నేసిన చేతుల్లో ఎక్కువ భాగం తెలుగువారివని మాత్రం పుణేలో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి తెలియదు. నేను ఆ ఊళ్ళో, ఆ మగ్గాల చప్పుడు మధ్యనే పుట్టాను. బి.కాం. వరకు అక్కడే చదివాను. తర్వాత బ్యాంకు ఉద్యోగం ఊళ్ళన్నీ తిప్పి చివరికి పుణే చేర్చింది. ఇప్పుడు షోలాపూర్ వెళ్ళడమంటే ఏడాదికి రెండు మూడుసార్లు, పెళ్ళికో పరామర్శకో. 2025 శ్రావణ పౌర్ణమికి మాత్రం వేరే పని మీద వెళ్ళాను. ఒక పికప్పు బండి అద్దెకు కుదర్చాలి. దాని వెనక ఒక ట్రాలీ తగిలించాలి. ఆ ట్రాలీ మీద మా చిన్నాయన మగ్గం ఎక్కించాలి. వినడానికి ఒక పూట పనిలాగే ఉంది కదా! నేనూ అలాగే అనుకున్నాను.

జూలై చివర్లో ఒక రాత్రి చిన్నాయన ఫోను చేశాడు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. తనంతట తాను ఫోను చేయడం అరుదు.

"పెద్దోడా, ఈసారి మార్కండేయుని రథానికి నా మగ్గం తియ్యాలె. నువ్వు బండి చూడు" అన్నాడు.

"మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడెందుకు చిన్నాయనా?" అన్నాను.

"ఇప్పుడు గాకపోతే ఇంకెప్పుడురా? దసరా ఎల్లినంక మగ్గం ఇప్పుతున్నరు గదా."

నాకు మాట రాలేదు. మగ్గం ఉన్న గది పడగొట్టి, అద్దెకిచ్చే రెండు గదులు వేయాలని చిన్నాయన కొడుకు ఏడాదిగా అనుకుంటున్నాడు. అందులో తమ్ముడి తప్పేమీ లేదు. ఇద్దరు ఆడపిల్లలు, టవల్ కార్ఖానాలో సూపర్‌వైజరు జీతం. ఇంటి లోనుకు ఏయే కాగితాలు కావాలో చెప్పింది నేనే. నెలకు అద్దె ఇంత వస్తుంది, కిస్తు ఇంత పోతుంది, పదేళ్ళలో అప్పు తీరుతుంది అని కాగితం మీద గడులు గీసి చూపించిందీ నేనే. ఆ లెక్కలో మగ్గానికి గడి లేదు.

ఆగస్టు 7 సాయంత్రం హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ రోజే జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే తేదీన స్వదేశీ ఉద్యమం మొదలైందని, 2015 నుంచి ఆ రోజున చేనేత దినం జరుపుతున్నారు. రైలు పేరులోని హుతాత్ములు కూడా షోలాపూర్ వారే. 1930లో ఊళ్ళో తెల్లవాళ్ళు మార్షల్ లా పెట్టినప్పటి కేసులో మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్ అనే నలుగురిని 1931 జనవరి 12న ఉరి తీశారు. పుణే నుంచి సుమారు 250 కిలోమీటర్లు. మూడున్నర, నాలుగు గంటల ప్రయాణం.

తెల్లవారి లేచేసరికి చుట్టూ నా చిన్ననాటి చప్పుడే. అయితే ఇప్పుడది చేతి మగ్గానిది కాదు, యంత్రమాగ్‌ది. మన సిరిసిల్లలో సాంచాలంటారే, వాటినే ఇక్కడ మరాఠీ మాటతో యంత్రమాగ్ అంటాం. ఊరి తూర్పు వైపునంతా కలిపి పూర్వ భాగ్ అంటారు. సాఖర్ పేట, భద్రావతి పేట, దత్తనగర్, అశోక్ చౌక్, అక్కడి నుంచి అక్కల్‌కోట్ రోడ్డు మీద పారిశ్రామిక వాడ వరకు నడిచి వెళితే, తెలుగు వినిపించని సందు ఉండదు. కన్నా చౌక్, కొంతం చౌక్ అని కూడళ్ళకే తెలుగు ఇంటిపేర్లు. ఇళ్ళ ముందు ఎత్తైన అరుగులు. వాటి మీద ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. మగవాళ్ళు మగ్గం, ఆడవాళ్ళు బీడీ — మూడు నాలుగు తరాలు ఈ రెండు సంపాదనల మీదే బతికాయి. మా చిన్నమ్మ చుట్టిన బీడీల డబ్బే నా కాలేజీ ఫీజులో సగం.

ఇక్కడి మన పద్మశాలీలు కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారు. మా తాత నల్లగొండ వైపు నుంచి మూటా ముల్లెతో నడిచి వచ్చాడని మా నాయన చెప్పేవాడు. 1877లో నడక మొదలుపెట్టిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెనక వరసగా మరికొన్ని మిల్లులు వచ్చాయి. మిల్లులో పని దొరికినవాళ్ళు మిల్లుకు, దొరకనివాళ్ళు ఇంట్లో మగ్గానికి. నాలాంటి కామర్స్ విద్యార్థులకు ఆ పాత మిల్లు ఇంకో రకంగా కూడా పరిచయం. నిర్వాహకుల వ్యవహారం బాగాలేక 1949లో మిల్లు మూతబడితే, 1950లో కేంద్ర ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. చిరంజిత్ లాల్ చౌధురి అనే వాటాదారు సుప్రీం కోర్టుకు వెళ్ళాడు. మెజారిటీ తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. దేశంలో లా చదివే వాళ్ళంతా ఆ కేసు చదువుతారు. మేము మాత్రం క్లాసు కిటికీలోంచి వేలు పెట్టి చూపిస్తూ, "ఆ మిల్లే, మా మామ పనిచేసిన మిల్లే" అనుకునేవాళ్ళం.

మిల్లులు పోయాయి. చేతి మగ్గాల మీద జకార్డు పువ్వులతో నేసిన దుప్పటి యంత్రమాగ్ మీదికి ఎక్కింది. 2005-06లో షోలాపూర్ చద్దర్‌కూ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు నిలబడింది కానీ చేతి మగ్గం ఇంట్లో చోటు కోల్పోయింది. 2024 జనవరిలో కుంభారి దగ్గర రాయ్‌నగర్‌లో అసంఘటిత కార్మికులకు 15,000 ఇళ్ళు ఒక్కసారే ఇచ్చారు. బీడీ చేసేవాళ్ళూ, యంత్రమాగ్ కార్మికులూ ఎందరో అటు వెళ్ళారు. సొంత ఇల్లన్నది మామూలు సంగతి కాదు. కానీ ఆ కొత్త ఇళ్ళలోనూ, మేము కట్టబోయే అద్దె గదుల్లోనూ మగ్గం పట్టే గది మాత్రం ఉండదు.

ఇక అసలు పనికి వస్తాను. ఇక్కడి పద్మశాలీలకు శ్రావణ పౌర్ణమి మూడు పండుగల పెట్టు. జంధ్యాల పౌర్ణమి, రాఖీ, మరాఠీవాళ్ళ నారళీ పౌర్ణిమ. ఆ రోజునే మార్కండేయ మహర్షి రథోత్సవం. సిద్ధేశ్వర్ పేటలోని మార్కండేయ మందిరం నుంచి రథం బయలుదేరి తూర్పు భాగమంతా తిరుగుతుంది. మార్కండేయుని కొడుకు భావనారుషి తామర తూడు నారతో బట్ట నేసి దేవతల మానం కాపాడాడని మన కథ. అందుకే ఊరేగింపులో మగ్గం ఉంటే దానికొక అందం. చిన్నాయన వయసులో ఉన్నప్పుడు రెండుసార్లు లారీ మీద కూర్చుని నేస్తూ ఊరంతా తిరిగాడు. మూడోసారి తిరగాలని ఇప్పుడు కోరిక.

లారీ ఎందుకు వద్దు, ట్రాలీయే ఎందుకు కావాలి అని మీరడగవచ్చు. కారణాలు రెండు. ఒకటి, చిన్నాయన లారీ ఎక్కలేడు. రెండు, ఆయన మగ్గం పైన జకార్డు డబ్బా ఉంటుంది. నేల నుంచి డబ్బా కొస వరకు ఎనిమిదడుగులు. లారీ మీద పెడితే మా సందుల్లో కరెంటు తీగలకు తగులుతుంది. మా వెనక సందులో ఒక మెకానిక్ దగ్గర యంత్రమాగ్ భాగాలు మోసే ట్రాలీ ఉంది. రెండు చక్రాలు, నేల నుంచి అడుగున్నర ఎత్తు. దాని మీద మగ్గం పెట్టి, ముందు ఒక పికప్పు కట్టి, నడక వేగంతో లాగితే చిన్నాయన పెద్ద కష్టపడకుండా ఎక్కి కూర్చుంటాడు, తీగలూ తగలవు. ప్లాను నాదే. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

శుక్రవారం పొద్దున బండ్ల అడ్డాకు వెళ్ళాను. వరసగా పికప్పులు. మొదటివాడు "ఏం సామాను?" అన్నాడు. "మగ్గం" అన్నాను. "ఎక్కించండి" అన్నాడు. "బండిలో కాదు, వెనక ట్రాలీలో" అనగానే తల అడ్డంగా ఊపి, బీడీ ముట్టించుకుని అటు తిరిగాడు. రెండోవాడు కనీసం కిందికి వంగి చూపించాడు. వెనక బంపరు రేకుది. దానికి తాడు కట్టి లాగితే బంపరే ఊడి వస్తుంది. హుక్కు ఛాసిస్‌కు బిగించి ఉండాలి, ఆయన బండికి అది లేదు.

తర్వాత డ్రైవరు లేకుండా బండి ఇచ్చే ఒక ఏజెన్సీకి వెళ్ళాను. కౌంటరులోని కుర్రవాడు మర్యాదగా మాట్లాడి, ఫారం ఇచ్చి, అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. అలవాటు కొద్దీ నేను ఒప్పందం వెనక వైపు చిన్న అక్షరాలు చదివాను. ఏ ఇతర వాహనాన్నీ లాగకూడదు, లాగితే జరిగే నష్టమంతా తీసుకున్నవాడిదే అని తొమ్మిదో షరతు. "ట్రాలీ సంగతి ముందే చెప్పాను కదా?" అంటే, "మీరు చెప్పారు, నేను విన్నాను, కాగితం మీద మాత్రం అదే ఉంది" అన్నాడు. అడ్వాన్సు వెనక్కి తీసుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇన్నేళ్ళుగా నేను జనం చేత సంతకాలు పెట్టించిన చిన్న అక్షరాలు కళ్ళ ముందు తిరిగాయి.

ట్రాక్టర్ల సంగతీ అడిగాను. చెరుకు పండే జిల్లా, ట్రాక్టర్లకు కొదవ లేదు. కానీ రథోత్సవం కోసం మండళ్ళవాళ్ళు ముందే మాట్లాడుకున్నారు. ఒక్కటీ ఖాళీ లేదు.

అమెరికాలో డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోను చేశాను. అక్కడ సెలవులు రాగానే జనం పికప్పు వెనక చిన్న ఇల్లంత ట్రైలరు తగిలించుకుని అడవులకూ సరస్సులకూ పోతారని వాడు ఫోటోలు పంపుతుంటాడు. "అక్కడ అంత సులువైన పని ఇక్కడ ఇంత కష్టమేమిట్రా?" అన్నాను. వాడు నవ్వాడు. "ఇక్కడా సులువు కాదు నాన్నా. కార్లు అద్దెకిచ్చే కంపెనీలు చాలావరకు ట్రైలరు తగిలించనివ్వవు. యూ-హాల్ లాంటి వాళ్ళ దగ్గర హుక్కుతో సహా పికప్పు దొరుకుతుంది. లాగే బండి ఎంత బరువు లాగగలదు, ట్రైలరు ఎంత బరువుంది, హుక్కు మీద ఎంత పడుతుంది, అన్నీ చూసుకోవాలి. బరువంతా ట్రైలరు వెనక్కి పోతే రోడ్డు మీద తోకలా ఊగుతుంది" అన్నాడు.

మధ్యాహ్నం ఎండలో అశోక్ చౌక్ దగ్గర టీ తాగుతుంటే మూడో మనిషి దొరికాడు. సొంత పికప్పు, తనే డ్రైవరు, నా వయసువాడే. మరాఠీ, కన్నడం రెండూ వచ్చు. తెలుగు అర్థమవుతుంది. నా కథంతా విని, టీ గ్లాసు కింద పెట్టి, "సాహేబ్, ఆ ట్రాలీకి నంబరు ప్లేటు ఉందా?" అన్నాడు. లేదు. "బ్రేకు?" లేదు. "వెనక లైటు?" అదీ లేదు. "రాత్రి దాకా నడిచే ఊరేగింపు. నడక వేగంతో పది గజాలు పోవాలి, ఆగాలి. సగం నొక్కిన క్లచ్ మీద అంతసేపు నడిపితే క్లచ్ ప్లేటు కాలిపోతుంది. అదైనా ఇంకొకటి కొనుక్కుంటాను. పల్లంలో బ్రేకు లేని ట్రాలీ వచ్చి నా బండికి గుద్దుకుంటే? దాని చుట్టూ ఆడుతున్న పిల్లలు ఎవరి పిల్లలు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పినదే చట్టమూ చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా ఒక వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. రోడ్డెక్కితే మూడోపక్షం బీమా ఉండాలి. మెకానిక్ ట్రాలీకి ఇవేమీ లేవు. లోను ఇచ్చే ముందు ప్రతి బండి కాగితాలూ తిరగేసే నేను, మా ఇంటి పని అనేసరికి ఆ మాటే ఆలోచించలేదు.

ఇంటికి వెళ్ళేసరికి చిన్నాయన మగ్గం దగ్గర కూర్చుని ఉన్నాడు. పడుగు మీద చెయ్యి వేసి, తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. పక్కన కండెల గంప. చిన్నమ్మ టీ తెచ్చి నా ముఖం చూసి ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది.

"దొరకలేదా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

జరిగిందంతా చెప్పాను. హుక్కు, తొమ్మిదో షరతు, క్లచ్ ప్లేటు, నంబరు ప్లేటు. చెబుతూ చెబుతూ నాకే సిగ్గేసింది. ఆయన జీవితంలో నన్ను అడిగిన ఒకే ఒక్క పని అది. ఆ డబ్బా బరువు నా గొంతు మీదే ఉన్నట్టనిపించింది. చివరికి, లోను సంగతి కూడా అనేశాను. "చిన్నాయనా, ఆ కాగితాలు నేనే రాయించాను" అన్నాను.

"నాకు ఎరుకనే గదా" అన్నాడు. "పోరగాండ్ల బతుకులు చూడొద్దా? మగ్గం మీద నేను ముగ్గుర్ని సాదిన. వాడు ఇద్దర్ని సాదలేడు. అది నీ తప్పు గాదు, వాని తప్పు గాదు." ఇంకో పోగు అతికి, మళ్ళీ అన్నాడు, "గీ డబ్బా ఎందుకురా పైన?"

"జకార్డు లేకపోతే పువ్వు రాదు కదా!"

"పువ్వుకు డబ్బా గావాలె. బట్టకు డబ్బా ఎందుకు? అంచులనే గదా పువ్వు. ఆ అంచు పోగులు పక్కకు గట్టేస్త. కాళ్ళతోని తొక్కుకుంట సాదా బట్ట నేస్త. డబ్బా తీస్తే మగ్గం ఐదడుగులు. పికప్పుల పట్టదా?"

పడుతుంది. పడుగు మగ్గంతో సహా నిలువుగా పెడితే సరిగ్గా సరిపోతుంది. కానీ నడుస్తున్న సరుకు బండి వెనక భాగంలో మనిషిని కూర్చోబెట్టి ఊరు తిప్పడం నాకు ఒప్పుదల కాలేదు. పైగా ఆయన ఎక్కేదెలా? ఆ మాటే అన్నాను.

చిన్నాయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "నేను ఎందుకురా తిరిగేది? చౌక్ల మనోళ్ళ అరుగు లేదా? బండి తెచ్చి అరుగుకు ఆనిచ్చి పెట్టు. నేను అరుగు మీద కూసుంట. మనం రథం ఎనక పోవుడు గాదు. రథమే మన దగ్గరికి వస్తది."

పొద్దుటి నుంచి నేను బండిని ఎలా లాగాలా అని తిరిగాను. ఆయన లాగనవసరమే లేదన్నాడు.

డ్రైవరుకు ఫోను చేస్తే వెంటనే ఒప్పుకున్నాడు. రోజుకు 2,800 రూపాయలు, భత్యం 300 వేరే. ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇంటి నుంచి చౌక్ వరకు ప్రయాణంలో చిన్నాయన ఎక్కడ కూర్చోవాలన్నది కూడా తేల్చుకున్నాను. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా రక్షణ లేదు. కానీ 1994 సవరణ తర్వాత, సరుకుతో పాటు వెళ్ళే సరుకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి ఉంది. మగ్గం చిన్నాయనది. కాబట్టి ఆయన సరుకు యజమాని హోదాలో క్యాబిన్‌లో, డ్రైవరు పక్కన. ఈ మాట చెబితే, "గింత చదువు చదివితివి, గిప్పుడు పనికొచ్చింది" అన్నాడు.

ఆ రాత్రి సందులోని వాళ్ళంతా వచ్చారు. పడుగును దోనెకు చుట్టి, అచ్చును కర్రలకు కట్టి, మగ్గం కర్రలకు సుద్దముక్కతో నంబర్లు వేసి విప్పారు. వయసు మళ్ళిన నేతగాళ్ళు నలుగురు చెబుతుంటే, మగ్గం ఎప్పుడూ ముట్టని కుర్రవాళ్ళు మోశారు. పికప్పు పక్క తలుపు దించి, అందులోనే మళ్ళీ నిలబెట్టారు. అరుగు ఎత్తూ బండి నేల ఎత్తూ సరిచూసుకుంటే రెండంగుళాలే తేడా. ఆ తేడాకు ఒక చెక్క పలక. పూర్వ భాగ్‌లో అరుగులు అంత ఎత్తుగా ఎందుకు కడతారో చిన్నప్పటి నుంచి ఆలోచించలేదు. ఆ రాత్రి మాత్రం మా కోసమే కట్టినట్టుగా అనిపించింది.

ఆగస్టు 9 రెండో శనివారం. బ్యాంకుకు సెలవు, నాకు పండుగ. పొద్దున్నే జంధ్యాలు మార్చుకున్నాం. తమ్ముడి చిన్న కూతురు తాతకు రాఖీ కట్టి, మిగిలిన ఇంకో రాఖీ మగ్గం గుంజకు కట్టింది. పది గంటలకల్లా బండి అరుగుకు ఆనింది. డ్రైవరు చక్రాల కింద రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి నా చేతికిచ్చాడు. "ఇక నడిపేవాడు మీ చిన్నాయనే" అన్నాడు.

చిన్నాయన అరుగు మీద పీట వేసుకుని కూర్చున్నాడు. కాళ్ళు బండిలో తొక్కుడు కర్రల మీద, ముఖం రోడ్డు వైపు. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. చెవులు చిల్లులు పడే యంత్రమాగ్ చప్పుడుకు అలవాటు పడ్డ సందులో ఆ మెల్లని టకటక విని ఆడవాళ్ళు బీడీ చాటలు పక్కన పెట్టి బయటికి వచ్చారు. మొదట్లో రెండు పోగులు తెగాయి. ఆయన తొందరపడలేదు. పనిలో ఉన్నప్పుడు ఆయన మోకాళ్ళ సంగతి ఆయనకే గుర్తున్నట్టు లేదు.

మధ్యాహ్నం దాటాక ఊరేగింపు వచ్చింది. హల్గీలు, లేజీమ్ ఆడే పిల్లలు, మండళ్ళ ట్రాక్టర్లు, ట్రాక్టర్ల మీద దేవుళ్ళ వేషాలు. తెలుగు పాట ఒక బండిలో, మరాఠీ పాట వెనక బండిలో. ఆ హోరులో చిన్నాయన మగ్గం వినిపించనే లేదు, కనిపించింది అంతే. ముసలివాళ్ళు ఆగి నమస్కారం పెట్టారు. కుర్రవాళ్ళు ఫోన్లు ఎత్తారు. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి, "తాతా, ఒక్కసారి వేయనా?" అంది. ఆయన చెయ్యి పట్టుకుని నాడె వేయించాడు. తర్వాత వరస కట్టారు. మా తమ్ముడు ఆ వరసలో చివరన నిలబడ్డాడు. కార్ఖానాలో వందల టవళ్ళు లెక్కపెట్టే మనిషి, తండ్రి మగ్గం మీద కూర్చోవడం పదేళ్ళ వయసు తర్వాత అదే మొదలు. నాలుగు పోగులు వేసి లేచి, ముఖం అటు తిప్పుకున్నాడు.

రథం మా ముందుకు వచ్చినప్పుడు చిన్నాయన కాళ్ళు ఆపాడు. లేవలేదు. కూర్చున్నచోటి నుంచే రెండు చేతులూ జోడించి, మళ్ళీ నాడె అందుకుని, రథం దాటిపోయేదాకా ఆపకుండా నేశాడు. రథానికి ఆయన ఇచ్చుకునే నమస్కారం అదేనని నాకు అప్పుడు తెలిసింది.

చీకటి పడేసరికి జానెడు తక్కువ రెండు మూరల బట్ట వచ్చింది. అందులో నేను వేసిన పోగులు కూడా ఉన్నాయి. వదులుగా, వంకరగా, దూరానికే తెలిసిపోతాయి. డ్రైవరు తాను వేసిన రెండు పోగులు వేలితో వెతుక్కుని చూపించి, "ఈ బట్ట ఎంతకు అమ్ముతారు?" అని అడిగాడు. చిన్నాయన నవ్వి, "నీ బండి కిరాయంత" అన్నాడు. డబ్బు తీసుకునేటప్పుడు ఆయన 3,100 సరిగ్గా లెక్కపెట్టుకున్నాడు. నాకది నచ్చింది. లెక్క లెక్కే. వెళ్ళేముందు మగ్గం గుంజకు మొక్కి వెళ్ళాడు. అదీ ఆయన లెక్కలో ఉన్నదే.

దసరా తర్వాత మగ్గం విప్పారు. నేను వెళ్ళలేకపోయాను, కిస్తు మొదలైన నెల అది. సుద్దతో వేసిన నంబర్లు చెరిగిపోకుండా చిన్నాయన వాటి మీద రంగు వేయించాడట. కర్రలు అటక మీద ఉన్నాయి. మళ్ళీ నిలబెట్టాలనుకుంటే ఏది ఎక్కడో తెలియాలి కదా అన్నాడని తమ్ముడు చెప్పాడు. కొత్త గదుల ప్లానులో ఒక చిన్న మార్పు కూడా చేశాడు. ముందు అరుగు తీసేసి మెట్లు పెట్టాలనుకున్నవాడు, అరుగును అలాగే ఉంచాడు. అందువల్ల గది రెండడుగులు తగ్గింది. అద్దె కూడా కొంచెం తగ్గుతుంది. నేను మళ్ళీ లెక్క వేసి పంపాను. అప్పు తీరడానికి ఇంకో ఎనిమిది నెలలు ఎక్కువ పడుతుంది, అంతే.

పుణే నుంచి హైదరాబాదు వెళ్ళే మనవాళ్ళు షోలాపూర్ బైపాసు మీంచి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దాటిపోతుంటారు. ఈసారి ఒక పూట ఆగండి. కన్నా చౌక్ నుంచి అశోక్ చౌక్ దాకా నడవండి. దుప్పటి కొంటే కొనండి, లేకపోతే లేదు. ఏదో ఒక అరుగు మీద కూర్చుని తెలుగులో పలకరిస్తే చాలు, లోపలి నుంచి టీ వస్తుంది. శ్రావణ పౌర్ణమికి వెళితే మరీ మంచిది. రథం ఎక్కడుందని వెతకనక్కరలేదు. ఒక చోట నిలబడితే చాలు, అదే మన దగ్గరికి వస్తుంది.